ఊరి విద్యను పేరుతో సహా నేర్చుకుందాం

బదిలీల మీద తిరిగే మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది: "ఇక్కడ ఉండేది రెండు మూడేళ్లేగా, ఈ ఊరి సంగతులు మనకెందుకు?" సాల్ట్ లేక్‌లో ఈ మాట మరీ తేలిగ్గా వచ్చేస్తుంది. ఇక్కడ చిరునామా అంటే సెక్టారు, బ్లాకు అక్షరాలు, ఇంటి నంబరు. అవి తెలిస్తే చాలు, ఊరితో పని తీరిపోయినట్టే ఉంటుంది. కానీ ఊరిని ఇలా నంబర్లతో సరిపెట్టుకుంటే నష్టపోయేది మనమే. దీనికి కలకత్తాతో గట్టి సంబంధమున్న ఒక విద్యను ఉదాహరణగా తీసుకుందాం. అది చైనావారి సూది వైద్యం, ఆక్యుపంక్చర్.

1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు మన జాతీయ కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షుడు సుభాస్ చంద్రబోస్. ఆ ఐదుగురిలో ద్వారకానాథ్ కోట్నిస్‌ది సోలాపూర్. తెలుగు నేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఊరు అది. ఆయన 1942లో చైనాలోనే కన్నుమూశారు. కలకత్తా డాక్టరు బిజయ్ కుమార్ బసు 1943లో తిరిగి వచ్చారు. 1950ల చివర ఆయన మళ్లీ చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకున్నారు. 1959లో కలకత్తాలో ఆ చికిత్స మొదలుపెట్టారు. 1996లో పశ్చిమ బెంగాల్ ఈ వైద్యానికి ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది.

బసుగారు మొదటిసారి చైనా వెళ్లింది వైద్యం చేయడానికి. రెండోసారి మాత్రం అంత అనుభవమున్న డాక్టరు విద్యార్థిగా కూర్చున్నారు. పరాయి ఊరు వెళ్లినప్పుడు మనం నేర్చుకోవలసిన మొదటి పద్ధతి ఇదే.

రెండో పద్ధతి పేర్లు తెలుసుకోవడం. చైనా సంప్రదాయం ప్రకారం ఒంట్లో 'చీ' అనే ప్రాణశక్తి కొన్ని దారుల్లో ప్రవహిస్తుంది. ఆ దారుల మీద ఉన్నవే సూది గుచ్చే బిందువులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అవి 361. అన్ని దేశాలవారికీ అర్థమయ్యేలా వాటికి అక్షరాలు, అంకెలు ఇచ్చారు, మన బ్లాకుల్లాగే. ఎల్ఐ 4 అంటే ఎక్కడైనా ఒకే బిందువు. కానీ దాని చైనా పేరు 'హెగు', అంటే కలిసిన లోయ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పల్లాన్ని తడిమి చూస్తే పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. తలనొప్పికీ పంటినొప్పికీ దీన్ని వాడతారు. గర్భిణులకు వద్దంటారు. అరికాలిలో ఉన్న 'యొంగ్‌చువాన్' అంటే ఉబికే ఊట. నడినెత్తిన ఉన్న 'బైహుయి' అంటే వంద కలిసే చోటు.

ఎస్‌టీ 36 పేరు 'జూసాన్‌లి'. 'లి' అంటే సుమారు అర కిలోమీటరు దూరం. కాళ్లు అలసిన బాటసారి ఇక్కడ నొక్కుకుంటే మరో మూడు లిలు నడవగలడని ఈ పేరుకు ఒక కథ చెబుతారు. జీర్ణశక్తికీ నీరసానికీ దీన్ని వాడతారు. ఇది మోకాలిచిప్ప కింద నాలుగు వేళ్ల వెడల్పు దూరంలో, ముందెముకకు కాస్త బయటివైపు ఉంటుంది. ఆ నాలుగు వేళ్ల కొలతకు తెలుగులో చక్కటి మాట ఉంది: బెత్తెడు. చైనా వైద్యుడు కూడా రోగి వేళ్లతోనే కొలుస్తాడు. అందుకే పెద్దవాళ్ల బెత్తెడు వేరు, పసివాళ్ల బెత్తెడు వేరు. బెత్తెడు, జాన, మూర మరిచిపోయిన మనకు వాటి విలువను ఒక చైనా కొలత గుర్తుచేస్తోంది.

మూడో పద్ధతి పరీక్షించడం. 1027లో వాంగ్ వెయ్‌యీ అనే వైద్యుడు బిందువుల దగ్గర రంధ్రాలున్న కంచు మనిషి బొమ్మలు చేయించాడు. పైన మైనం పూసి, లోపల నీళ్లు పోసి, విద్యార్థిని సూది గుచ్చమనేవారు. నీళ్లు కారితే సరిగ్గా గుచ్చినట్టు. నేటి పరీక్షలు అంతకన్నా కఠినమైనవి. మణికట్టు లోపలివైపు ఉన్న పీసీ 6, అంటే 'నైగువాన్', ఆపరేషన్ తర్వాత వచ్చే వికారాన్ని కొంత తగ్గిస్తుందని అనేక పరీక్షల్లో తేలింది. నొప్పుల విషయంలో మాత్రం సరైన బిందువులో గుచ్చినా, పక్కన గుచ్చినా పెద్ద తేడా కనిపించని పరీక్షలూ ఉన్నాయి. 'చీ' ప్రవాహాన్ని శరీరశాస్త్రం ఇప్పటికీ చూపలేకపోయింది. సంప్రదాయాన్ని గౌరవిస్తూనే ఈ మాట కూడా చెప్పుకోవాలి.

ఇది పుస్తకాల కోసం మాత్రమే చెప్పే మాట కాదు. ఫోనులో ఒక వీడియో చూసి ఏ నొప్పికైనా ఫలానా చోట నొక్కితే చాలనుకునే పిల్లలు మనలో ఉన్నారు. ఉన్నట్టుండి వచ్చిన కడుపునొప్పి అపెండిక్స్ వాపు కావచ్చు. మోకాలి కింద నొక్కుకుంటూ కూర్చుంటే విలువైన గంటలు పోతాయి. ముందు ఇంట్లో చెప్పాలి, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సూది జోలికి అసలే పోకూడదు. అది శిక్షణ పొందినవారి పని.

మనం ఉంటున్న ఈ ఊరికీ నంబర్లు కాని పేరు ఉంది: బిధాన్‌నగర్. ఉప్పునీటి చిత్తడినేలను గంగ ఒండ్రుమట్టితో పూడ్చి కట్టిన ఈ ఊరికి ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ పేరు పెట్టారు. ఆయనా డాక్టరే. జూలై 1న మనం డాక్టర్ల దినం జరుపుకునేది ఆయన పుట్టినరోజునే. ఈ సంగతి మన క్లాసులో ఎంతమందికి తెలుసు? తెలియనివాళ్లు ఈ వారమే పక్కింటి బెంగాలీ తాతగారిని అడగండి. ఆయన చెప్పే మాటలు ఆయన భాషలోనే రాసుకుని, పక్కన తెలుగు అర్థం రాయండి. రేపు మళ్లీ బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు ఆ నోటుపుస్తకం కూడా సామానులో సర్దుకుందాం.