గాలిమీది కినుక

2025 జనవరిలో జర్మనీదేశపు రీజా పట్టణమున ఏ.ఎఫ్.డి. యను తీవ్రజాతీయవాద పక్షము మహాసభ జరిపెను. ఆ వేదికనుండి పక్షనాయకురాలు ఆలిస్ వైడెల్ గారు గాలిమరలను సిగ్గుచేటు మరలని నిందించి, తాము అధికారమునకు వచ్చినచో వానిని పడగొట్టుదుమని చాటిరి. సభ చప్పట్లతో మారుమ్రోగెను. ఆ మాట రైన్‌హార్ట్స్‌వాల్డ్ అడవిలోని మరలను గూర్చినదేయని పిమ్మట సర్దిచెప్పిరి. అది యటులుండ, మరుసటి నెల యెన్నికలలో ఈ పక్షమునకు నూటికి 20.8 వోట్లు పడినవి. కావున దీనిని వట్టి గాలిమాటయని త్రోసివేయ వీలులేదు.

స్వదేశమే సర్వస్వమని పలుకువారికి స్వదేశపు గాలిపై నింత కినుక యేల? 2021లో జర్మనీ దిగుమతి చేసికొనిన సహజవాయువులో సగమునకు మించి రష్యానుండియే వచ్చెను. 2022లో ఉక్రెయినుపై దండయాత్ర జరిగినది. వేసవి ముగియునప్పటికి రష్యా నార్డ్ స్ట్రీమ్ గొట్టమును కట్టివేసెను. వాయువు వెల మిన్నంటెను. గృహస్థులు రానున్న చలికాలమును తలచి వెరచిరి. ఆ సెప్టెంబరులోనే ప్రేలుళ్లచే గొట్టములు పగిలెను. ఇంత జరిగిన పిమ్మటను ఏ.ఎఫ్.డి. 2025 ఎన్నికల ప్రణాళికలో ఆ గొట్టమునే బాగుచేసి మరల తెరువవలెనని కోరినది! తమ పొలములపై వీచు గాలి పరాయిదట, సముద్రము క్రిందుగా వచ్చు రష్యావాయువు ఆత్మీయమట!

గాలిమరలు వామపక్షముల పన్నుగడ యనుటయు చరిత్రకు విరుద్ధము. చిన్న ఉత్పత్తిదారుల విద్యుత్తును పెద్ద కంపెనీలు కొనితీరవలెనని విధించిన జర్మను చట్టము 1990లో, హెల్ముట్ కోల్ గారి సంప్రదాయవాద ప్రభుత్వమునందే పుట్టినది. దానికై పాటుపడినవారిలో ముఖ్యులు బవేరియాకు చెందిన సి.ఎస్.యు. సభ్యులు మత్తియాస్ ఎంగెల్స్‌బెర్గర్ గారు. తమ సీమలోని చిన్న జలవిద్యుత్కేంద్రముల మేలు వారు కోరిరి. గ్రీను పక్షపు వోల్ఫ్‌గాంగ్ డానియెల్స్ గారు వారికి తోడైరి. 2024లో ఆ దేశము వాడుకొనిన విద్యుత్తులో సగమునకు మించి గాలి, ఎండ మున్నగు తరుగని వనరులనుండియే లభించెను.

ఫ్రాన్సున మరీన్ లెపెన్ గారు 2022లో గాలిమరలను ఆపి, ఉన్నవానిని క్రమముగా తీసివేయుదుమని వాగ్దానమిచ్చిరి. అచట అణువిద్యుత్తు మెండుగ కలదు గాన ఆ వాదమునకు కొంత ఆధారము కలదు. అయితే ఆ దేశపు యురేనియపు గనులు 2001లోనే మూతపడినవి. హంగరీలోనో, ఓర్బాన్ గారి ప్రభుత్వము 2016లో చేసిన నిబంధనలవలన క్రొత్త గాలిమర నిలుపుటకు చోటే కరవయ్యెను. అదే ప్రభుత్వకాలమున ఎండపలకలు మాత్రము విరివిగా వ్యాపించి, 2024 నాటికి దేశపు విద్యుత్తులో సుమారు నాలుగవవంతు సూర్యునినుండి వచ్చుచుండెను. దీనిని సిద్ధాంతమందుమా, అలుక యందుమా?

అయినను చప్పట్లు చరచినవారందరు మూఢులని మేమనజాలము. మరలు పల్లెకు, లాభము దూరపు కంపెనీలకు నన్నచో పల్లెవాసి యేల మెచ్చును? 2023లో జర్మను ప్రభుత్వము తెచ్చిన గృహతాపన చట్టము, క్రొత్తగా నమర్చు యంత్రము నూటికి 65 పాళ్లు తరుగని శక్తితో నడువవలెననెను. వ్యయభారము నెవరు మోయుదురో తేటపడకమునుపే ఆ ముసాయిదా సామాన్యుని బెదరగొట్టినది. ఆ బెదురే ఏ.ఎఫ్.డి.కి పంటయైనది. డెన్మార్కులో 2009నుండి కొన్నియేండ్లు వేరొక పద్ధతి నడచెను. అచట గాలిమరలు నెలకొల్పువాడు అయిదవవంతు వాటాలను ఇరుగుపొరుగువారికి కొనుటకై ఈయజూపవలసియుండెను. బెర్లిను ప్రభుత్వము వైడెల్ గారికీయవలసిన ప్రత్యుత్తరమును, ఉపన్యాసములతో గాక, ఇట్టి వాటాల పద్దుతో మొదలిడవలెనని మా యభిప్రాయము.