కొత్త గొంతుకు చోటుందా?

2020 మార్చి 10న అమెరికాలోని మౌంట్ వెర్నన్ పట్టణంలో, ఒక ప్రెస్బిటేరియన్ చర్చిలో 'స్కాజిట్ వ్యాలీ కొరాల్' సభ్యులు పాటల సాధనకు కూడారు. పాట మీది ప్రేమతో చేరిన ఊరివారి బృందమది. ఆ సాయంత్రం వచ్చిన 61 మందిలో 53 మంది కోవిడ్ బారిన పడ్డారు. ఇద్దరు మరణించారు. పక్కపక్కన చేరి గొంతు కలపడమే బృందగానానికి ప్రాణం. ఆ రోజు అదే ప్రాణాంతకమైంది. లోకమంతటా క్వయిర్లు మూగబోయాయి.

తర్వాత కచేరీలు మళ్లీ మొదలయ్యాయి. కానీ వయసు పైబడినవారు కొందరు తిరిగి రాలేదు. అందుకే కొత్తవారిని పిలవడం ఏ బృందానికైనా మర్యాద మాత్రమే కాదు, మనుగడ.

మన సంఘాల మాటేమిటి? క్రిస్మస్ ముందు నెలలో సాధన మొదలుపెడతాం. ఎవరైనా యౌవనస్థుడు బెరుకుగా వచ్చి నిలబడితే, 'ఇప్పుడు నేర్పే సమయం లేద'ని పంపేస్తాం. దావీదు కాలంలో దేవుని మందిరానికి 288 మంది గాయకులుండేవారు. అందరూ ప్రవీణులే. అయినా వంతులకు చీట్లు వేసినప్పుడు పిన్నలు, పెద్దలు, గురువు, శిష్యుడు అన్న తేడా చూడలేదు (1 దినవృత్తాంతములు 25:7, 8). అంటే ఆ ప్రవీణుల వరుసలోనే నేర్చుకునేవాడికీ చోటుంది!

పండుగ హడావుడి లేని జనవరిలోనే క్వయిర్ తలుపు తెరవండి. కొత్తవారిని అనుభవమున్నవారి పక్కన నిలబెట్టండి. గది కిటికీలు తెరవండి, జ్వరమున్నవారిని ఇంట్లో విశ్రమించమనండి. వచ్చే క్రిస్మస్‌కు పాడవలసిన గొంతు ఈ ఆదివారం వెనుక బల్లమీద మౌనంగా కూర్చుని ఉండవచ్చు. పిలిచేదెవరు?