మూగజీవములకు మత్తుమందు

“ఆడకుక్కకు గర్భకోశము తీయించుట మంచిదని పశువైద్యులు చెప్పినారు, కాని మత్తుమందిచ్చినచో మరల కన్ను తెరచునో లేదో యని మనసొప్పుట లేదు” అనెడు గృహిణులు పెక్కండ్రు కలరు. బిడ్డవలె పెంచిన చేతులకు ఆ జంకు సహజమే. ఐనను ఆ భయమెంతవఱకు న్యాయమో, దానిని జాగ్రత్తగా నెట్లు మార్చుకొనవలయునో సోదరీమణులు తెలిసికొనుట మేలు.

బ్రిటను దేశమున 2002 మొదలు 2004 వఱకు 117 పశువైద్యశాలలలో మత్తుమందు పొందిన 98,036 కుక్కలను, 79,178 పిల్లులను గూర్చి లెక్కలు తీసి, 2008లో ప్రకటించిరి. మొత్తముమీద కుక్కలలో సుమారు 600కు ఒకటియు, పిల్లులలో సుమారు 420కి ఒకటియు ఆ కారణమున మరణించినవి. అయితే ఆరోగ్యముగల కుక్కలలో ఇంచుమించు 1,850కి ఒకటి మాత్రమే పోగా, రోగపీడితములైన వానిలో 75కు ఒకటి పోయినది. పిల్లులలోను ఇట్టి భేదమే కానవచ్చినది. కావున భయపడి ఏండ్ల తరబడి వాయిదా వేసి, గర్భకోశమున చీముపట్టి తూలుచున్నపుడు మోసికొనిపోవుటకంటె, ఆరోగ్యముగా నున్నపుడే చేయించుట క్షేమము.

శస్త్రచికిత్సకే గాక, కదలకుండుటకై యిచ్చు చిన్న మత్తుసూదులు సైతము ఆ లెక్కలో చేరినవి. “కాసేపు కునుకే గదా” యని దేనిని తేలికగా చూడరాదు.

ఇక మన చేతిలోని పని. ఆహారమెన్ని గంటలు మానవలయునో, నీరెప్పటివఱకు ఈయవచ్చునో వైద్యునడిగి అట్లే నడువవలెను. పాపము ఆకలిగొన్నదని చాటుగా పెరుగన్నము పెట్టుట దయ కాదు. మత్తులో వాంతియైనచో అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయవచ్చును. పొరపాటున ఎవరైన పెట్టియున్నచో దాచక చెప్పవలెను. పని మరునాటికి పడినను నష్టము లేదు. మిక్కిలి పసికూనలను మాత్రము పెద్దవానివలె చిరకాలము పస్తుంచరాదు. దగ్గు, ఆయాసము, మూర్ఛ, చూలు, వాడుచున్న మందులు, మునుపు మత్తుమందు పడకపోయిన సంగతి, అన్నియు చెప్పవలెను. తూకము సరిగా చూపింపవలెను. మందు మోతాదు దానినిబట్టియే యుండును.

మనుష్యులు వాడు నిద్రమాత్రలను ఇంటివద్ద సొంతముగా ఈయరాదు. నొప్పి తగ్గుటకని పిల్లికి పారాసిటమాల్ మాత్రమును ఎన్నడును ఈయకుడు. ఆ మందును విఱిచివేయు శక్తి పిల్లి దేహమునకు చాలదు. నెత్తురు ప్రాణవాయువును మోయలేక అది మరణించును.

పైలెక్కలలో మఱియొక ముఖ్యాంశము కలదు. చనిపోయిన పిల్లులలో 100కు 61, కుక్కలలో 47 శస్త్రచికిత్స ముగిసిన పిమ్మటనే పోయినవి. వానిలో సుమారు సగము మొదటి మూడు గంటలలోనే. కావున “అయిపోయినది గదా, ఇంటికి పోదము” అని త్వరపడరాదు. తెలివి వచ్చువఱకు ఎవరు కనిపెట్టియుందురని ముందే అడుగుట మన హక్కు. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు ఊపిరిదారి ఇఱుకు గనుక, అవి చక్కగా మేల్కొనువఱకు ఎవరైనను చెంతనుండవలెను.

ఇంటికి తెచ్చిన పిదప నేలమీద వెచ్చని పడకవేసి, గాలి తగులునట్లును, మెట్లు, ఎత్తైన బల్లలు, నీటితొట్లు దూరముగా నుండునట్లును చూడవలెను. తూలక నిలిచినపిమ్మటనే కొంచెము నీరు పట్టవలెను. చిగుళ్లు పాలిపోయినను, నీలిరంగు తిరిగినను, ఊపిరి కష్టమైనను, పిలిచినను తట్టినను లేవకున్నను, తెల్లవారనిమ్మని ఊరకుండక వెంటనే వైద్యుని వద్దకు కొనిపోవలెను.

తన బాధ తాను చెప్పుకొనలేని ప్రాణికి మన కన్నే కావలి. భయముచే చికిత్స మానిపించుటకంటె, ఆ రాత్రి దాని ప్రక్కను కొంతసేపు మేలుకొనియుండుట నిజమైన ప్రేమ.