కింది పలక కూర్చుంటేనే...

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. మర్నాడు ఆదివారం. ఆరాధనకొచ్చిన మా అందరి నోటా అదే మాట. హెచ్చెల్సీ నీళ్లు రాకపోతే అనంతపురం నేలకు దిక్కేది? నిండిన డ్యాం కళ్లెదుటే ఖాళీ అవుతోంది. 'వెంటనే ఏదో ఒకటి చేయరేం?' అని మేమూ విసుక్కున్నాం, కొంత దేవుని మీద కూడా!

కాని ఉక్కు పని విసుగుకు లొంగదు. ఏడు పదులు దాటిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు సూచనలతో పని వరుసగా సాగింది. ముందు మిగతా గేట్లెత్తి ఒత్తిడి తగ్గించారు. మరోవైపు కార్ఖానాల్లో ఉక్కు పలకలు సిద్ధం చేశారు. ఆపైన క్రేన్లతో, పారే నీళ్లలోనే ఒక్కొక్కటీ దించారు. కింది పలక సరిగ్గా కూర్చుంటేనే పైది నిలుస్తుంది మరి. ఆగస్టు 17కల్లా ఐదు పలకలతో ఆ ఖాళీ మూసుకుంది. డ్యాం పూర్తిగా ఖాళీ కాకుండానే నీళ్లు దక్కాయి.

యెరూషలేము ప్రాకారం కూలిందని, దాని గుమ్మాలు కాలిపోయాయని విన్న నెహెమ్యా ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. రాజు ముందు నోరు విప్పడానికి దాదాపు నాలుగు నెలలు ఆగాడు. కాని ఊరికే ఆగలేదు. 'ఎన్నాళ్లు పడుతుంది?' అని రాజు అడిగితే గడువు చెప్పగలిగాడు. దారికీ, కలపకూ తాకీదులు అడిగి తీసుకున్నాడు. యెరూషలేము చేరి మూడు రోజులయ్యాక, రాత్రివేళ గోడను చూసొచ్చి, అప్పుడే పని సంగతి బయటపెట్టాడు. చాలామంది తమ ఇళ్లకు ఎదురుగా ఉన్న భాగాన్నే బాగు చేసుకున్నారు. 52 రోజుల్లో ప్రాకారం పూర్తయింది.

ఓర్పంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఏది ముందో, ఏది తర్వాతో తెలుసుకుని, ముందుదాన్ని శ్రద్ధగా చేస్తూ తర్వాతిదాని వంతు వచ్చేదాకా ఆగడం. మనమేమో గొలుసు బాగున్నంతకాలం దానివైపు చూడం. తెగాక పరుగులు పెడతాం. డ్యాం గేట్ల సంగతీ అంతే, 33 గేట్లూ మార్చాలన్న నిర్ణయం ఒకటి కొట్టుకుపోయాకే వచ్చింది. మన ఇళ్లలో, సంఘాల్లో బంధాల సంగతీ అంతే. అన్నదమ్ముల మధ్య ఏళ్లుగా అరిగిన గొలుసును ఒక్క ప్రార్థన కూడికతో అతికించాలనుకుంటాం. తప్పు ఒప్పుకోవడమనే అట్టడుగు పలక దించకుండానే విందులు, ఆలింగనాలు పైన పేరుస్తాం. అవి నిలుస్తాయా?

ఈ వారం మనం దించాల్సిన మొదటి పలక ఏది? ఎవరి గడప తొక్కాలి? ముందు ఆ పని చేద్దాం. మిగతా పలకలకు వాటి వేళను దేవుడే చూపిస్తాడు.