గోలు కొట్టని ఆటగాణ్ణి ఏం చెయ్యాలి?



మీ స్కూలు ఫుట్‌బాల్ జట్టు వరసగా మూడు ఆటలు ఆడి ఒక్కటీ గెలవలేదనుకోండి. మర్నాడు మీరు చెట్టుకింద చేరి ఏం మాట్లాడుకుంటారో నేను చెప్పగలను.

"సెంటర్ ఫార్వర్డును తీసెయ్యాలి. మూడు ఆటల్లో ఒక్క గోలైనా కొట్టాడా?" అంటాడు ఒకడు.

"వాడికి బంతి అందిస్తేగా కొట్టటానికి! తప్పు ఎత్తుగడది," అంటాడు రెండోవాడు.

"వాడు మంచి ఆటగాడే. ఏదో కాలం కలిసి రావటం లేదు, అంతే," అంటాడు మూడోవాడు.

ఇంతలో గంట కొడతారు. ఎవరి మాట వాళ్ళ దగ్గరే వుండిపోతుంది. మర్నాడు మళ్ళీ అదే తగువు.

ఈ తగువు మీ ఒక్క స్కూలుదే కాదు. ఫుట్‌బాల్ ఆడే ప్రతి ఊళ్ళోనూ వున్నదే. ఒకసారి ఒక దేశం దేశమంతా ఈ తగువులో పడింది. ఆ సంగతి చెబుతాను. వింటూ, ఎవరు గెలిచారన్నదానికన్నా ఎవరు ఎట్లా ఆలోచించారన్నది గమనించండి.

ఆ దేశం ఇటలీ. సంవత్సరం 1982. ఆ యేడు ప్రపంచ కప్పు పోటీలు స్పెయిన్ దేశంలో జరిగాయి. ఇటలీ జట్టుకు శిక్షకుడు ఎంజో బెయర్‌జోత్. ఆయన సెంటర్ ఫార్వర్డుగా ఎన్నుకున్నవాడు పావొలో రోసీ. సెంటర్ ఫార్వర్డంటే జట్టులో అందరికన్నా ముందు, అవతలివాళ్ళ గోలుకు దగ్గరగా వుండి ఆడేవాడు. గోల్సు కొట్టటం అతని ముఖ్యమైన పని.

రోసీ సన్నగా, తేలికగా వుండేవాడు. అతనిది బలంతో ఆడే ఆట కాదు. అవతలి బాక్‌లు ఒక్క క్షణం ఏమరితే చాలు, వాళ్ళ మధ్య సందులో దూరి బంతి దగ్గర తేలేవాడు. 1978లో అర్జెంటీనాలో జరిగిన ప్రపంచ కప్పులో ఇట్లాగే మూడు గోల్సు కొట్టాడు. అప్పుడూ శిక్షకుడు బెయర్‌జోతే.

ఐతే ఆ తరవాత రోసీకి చెడ్డ రోజులు వచ్చాయి. 1980లో ఇటలీలో ఫుట్‌బాల్ ఆటల మీద డబ్బు పందాలు కాసి ఫలితాలు తారుమారు చేశారని పెద్ద గొడవ బయటపడింది. చాలామంది ఆటగాళ్ళతో పాటు రోసీకి కూడా శిక్ష పడింది. మొదట మూడేళ్ళు ఆడరాదన్నారు, తరవాత దాన్ని రెండేళ్ళకు తగ్గించారు. తాను ఏ తప్పూ చెయ్యలేదని రోసీ మొదటినించీ చెబుతూనే వచ్చాడు. ఏమైతేనేం, రెండేళ్ళు మైదానంలో కాలు పెట్టలేదు. 1982 ఏప్రిల్ నెలాఖరుకు గడువు తీరింది. తన క్లబ్బు యువెంటస్ తరఫున మూడే ఆటలు ఆడాడు. జూన్ నెలలో ప్రపంచ కప్పు!

ఇప్పుడు మీరే చెప్పండి. ఇట్లాంటివాణ్ణి జట్టులోకి తీసుకుంటే జనం ఊరుకుంటారా? ఊరుకోలేదు. "రొబెర్తో ప్రూట్సో వుండగా ఇతనెందుకు?" అన్నారు. ప్రూట్సో రోమా క్లబ్బు ఆటగాడు. 1980–81లోనూ, 1981–82లోనూ ఇటలీ మొదటి తరగతి పోటీల్లో అందరికన్నా ఎక్కువ గోల్సు కొట్టినవాడు అతనే. అతన్ని ఇంటి దగ్గర వదిలేసి, రెండేళ్ళు ఆట మానినవాణ్ణి తీసుకుపోయాడు బెయర్‌జోత్. జనం అన్నది తెలివితక్కువ మాట అనటానికి వీల్లేదు. వాళ్ళ చేతిలో మంచి రుజువే వుంది.

పోటీలు మొదలయ్యాయి. పోలెండుతో ఆట 0–0. పెరూతో ఆట 1–1. కామెరూన్‌తో ఆట 1–1. మూడు ఆటల్లో ఒక్క గెలుపు లేదు. ఇటలీకీ కామెరూన్‌కూ పాయింట్లు సమానం. ఇటలీ మొత్తం రెండు గోల్సు కొట్టింది, కామెరూన్ ఒకటే కొట్టింది. ఆ ఒక్క గోలు తేడాతో ఇటలీ రెండో దశకు పాకుతూ చేరింది. రోసీ కొట్టిన గోల్సు సున్న. పెరూతో ఆటలో సగం కాగానే బెయర్‌జోత్ అతన్ని బయటికి పిలిచి మరొకణ్ణి పంపాడు కూడా.

ఇటలీలో పేపర్లు నిప్పులు కురిపించాయి. ఆట గురించి రాసి అంతటితో ఆగలేదు, ఆటగాళ్ళ సొంత విషయాల మీద కూడా నోటికొచ్చినట్టు రాశాయి. చివరికి ఆటగాళ్ళు పేపర్లవాళ్ళతో మాట్లాడటమే మానేశారు. 40 ఏళ్ళ కాప్టెను దీనో జోఫ్ ఒక్కడే అందరి తరఫునా జవాబు చెప్పేవాడు.

రెండో దశలో ఇటలీకి ఎదురైన జట్లు అర్జెంటీనా, బ్రెజిల్. అర్జెంటీనా అప్పటికి ప్రపంచ విజేత. బ్రెజిల్ ఆ యేడు అందరూ మెచ్చుకుంటున్న జట్టు. జూన్ 29న ఇటలీ అర్జెంటీనాను 2–1తో ఓడించింది. అందులోనూ రోసీ గోలు కొట్టలేదు. ఐతే రెండో గోలు ఎట్లా వచ్చిందో చూడండి. రోసీ ఒంటరిగా గోలీ మీదికి దూసుకుపోయాడు. గోలీ బంతిని ఆపేశాడు. ఆ తోపులాటలో తప్పిపోయిన బంతిని కోంతి అనే ఆటగాడు అందుకుని వెనక్కు ఇచ్చాడు, కబ్రీని గోలు కొట్టాడు. లెక్క పుస్తకంలో ఆ గోలు కబ్రీనిది, రోసీకి సున్న. కాని రోసీ అక్కడిదాకా పరిగెత్తి వుండకపోతే ఆ గోలు వచ్చేదా?

జూలై 5న బార్సిలోనాలో బ్రెజిల్‌తో ఆట. సమానంగా ముగిసినా బ్రెజిల్‌కు చాలు, ఇటలీకి గెలుపు కావాలి. బెయర్‌జోత్ మళ్ళీ రోసీనే దించాడు. అయిదో నిమిషంలో కబ్రీని ఎడమ వైపునించి పంపిన బంతిని రోసీ తలతో గోలులోకి కొట్టాడు. బ్రెజిల్ సమం చేసింది. 25వ నిమిషంలో బ్రెజిల్‌వాళ్ళు తమలో తాము ఇచ్చుకుంటున్న బంతిని మధ్యలో దొంగిలించి రెండో గోలు కొట్టాడు. బ్రెజిల్ మళ్ళీ సమం చేసింది. 74వ నిమిషంలో మూడో గోలూ అతనే కొట్టాడు. ఇటలీ 3–2తో గెలిచింది.

తరవాత పోలెండు మీద 2–0. రెండూ రోసీవే. జూలై 11న మాడ్రిడ్‌లో పశ్చిమ జర్మనీతో చివరి ఆట. ఇటలీ 3–1తో గెలిచి ప్రపంచ కప్పు ఎత్తుకుంది. ఆ ఆటలో మొదటి గోలు రోసీదే. మొదటి నాలుగు ఆటల్లో సున్న, తరవాతి మూడు ఆటల్లో ఆరు! ఆ పోటీల్లో అందరికన్నా ఎక్కువ గోల్సు అతనివే.

"ఐతే బెయర్‌జోత్‌దే రైటు, జనానిదే తప్పు!" అనబోతున్నారు కదూ? కొంచెం ఆగండి. బ్రెజిల్‌తో ఆట 2–2గా ముగిసిందనుకోండి. ఇటలీ ఇంటికి పోయేది. అప్పుడు అదే బెయర్‌జోత్‌ను మొండివాడని తిట్టేవాళ్ళు. ఒక్క గోలు అటూ ఇటూ ఐతే తెలివైనవాడు మూర్ఖుడైపోతాడా? ఆట అయిపోయాక ఫలితం చూసి తీర్పు చెప్పటం సులువు. ఆటకు ముందు తెలిసిన సంగతులను బట్టి ఆలోచించటమే కష్టం.

ఇప్పుడు మరొక సంగతి వినండి. ఇది మన హైదరాబాదు మనిషి కథ. సయ్యద్ అబ్దుల్ రహీం మొదట స్కూలు మేష్టారు. తరవాత హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకూ, భారత జట్టుకూ శిక్షకుడయ్యాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. తరవాత థాయ్‌లాండును గెలిచింది గాని, ఆ ఆటలో జర్నైల్ సింగుకు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ గోడలాగా నిలబడే బాక్. రహీం ఏం చేశాడు? సెమీ ఫైనల్లో అతన్ని తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డుగా నిలబెట్టాడు! జర్నైల్ ఆ ఆటలో ఒక గోలు కొట్టాడు. ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియా ఎదురైంది. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2–1తో మనకు బంగారు పతకం వచ్చింది.

చూశారా! బెయర్‌జోత్ ఫార్వర్డును మార్చలేదు, గెలిచాడు. రహీం మార్చాడు, గెలిచాడు. కనక "మార్చాలి" అన్నదీ సూత్రం కాదు, "మార్చకూడదు" అన్నదీ సూత్రం కాదు. జ్వరం ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా మందు ఇచ్చే వైద్యుడు వుంటాడా? గోలు ఎందుకు రావటం లేదో ముందు కనుక్కోవాలి.

కనుక్కోవటానికి ముందు చిన్న ప్రయోగం చెయ్యండి. ఒక డబ్బాలో అయిదు చింతపిక్కలు వెయ్యండి. ఒకదానిమీద సుద్దతో గుర్తు పెట్టండి. డబ్బా కుదిపి, కళ్ళు మూసుకుని ఒక పిక్క తియ్యండి. గుర్తున్నది వస్తే "గోలు" అని రాసుకోండి. పిక్కను మళ్ళీ డబ్బాలో వేసి, కుదిపి, మళ్ళీ తియ్యండి. ఇట్లా పదిసార్లు. సగటున ఒక్కొక్కరికి రెండు గోల్సు రావాలి. కాని తరగతిలో 45 మంది చేస్తే సుమారు అయిదుగురికి పదిసార్లలో ఒక్క గోలూ రాదు! మరో అయిదుగురికి నాలుగో, అంతకన్నా ఎక్కువో వస్తాయి. డబ్బాలు ఒకటే, పిక్కలు ఒకటే. సున్న వచ్చినవాడు చేతగానివాడూ కాదు, నాలుగు వచ్చినవాడు మొనగాడూ కాదు. తక్కువసార్లు లెక్కపెడితే అంకెలు ఇట్లాగే ఎగుడు దిగుడుగా వుంటాయి. మూడు ఆటలు చాలా తక్కువ లెక్క.

ఐతే మనిషి చింతపిక్క కాదు. మనిషి అలిసిపోతాడు. రెండేళ్ళు ఆడకపోతే కాళ్ళకు పదును తగ్గుతుంది, బంతి ఎప్పుడు ఎక్కడ పడుతుందో అంచనా తప్పుతుంది. నలుగురూ తిడుతూ వుంటే భయంతో కాలు తడబడుతుంది. కనక మూడోవాడిలాగా "కాలం కలిసి రాలేదు" అని ఊరుకోవటానికీ వీల్లేదు.

మరి ఏం చెయ్యాలి? ఈసారి ఆటకు పోయేటప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. గోల్సు అందరూ లెక్కపెడతారు. మీరు మూడు సంగతులు లెక్కపెట్టండి.

ఒకటి: గోలుకు దగ్గరగా మీ సెంటర్ ఫార్వర్డుకు బంతి ఎన్నిసార్లు అందింది?

రెండు: అందినప్పుడు ఎన్నిసార్లు గోలు వైపు సూటిగా కొట్టగలిగాడు?

మూడు: కాళ్ళ దగ్గర బంతి లేనప్పుడు ఏం చేస్తున్నాడు? ఖాళీ చోటు వెతుక్కుంటూ పరిగెత్తుతున్నాడా, నిలబడి చూస్తున్నాడా?

మొదటి అంకె చాలా తక్కువ వుందా? కాని అతను చోటు వెతుక్కుంటూనే వున్నాడా? తప్పు ఎత్తుగడది. బంతి అతని దాకా ఎందుకు రావటం లేదో వెనకవాళ్ళంతా ఆలోచించాలి. బంతి అందుతూ వుంది గాని సూటిగా కొట్టలేకపోతున్నాడా, నిలబడిపోతున్నాడా? అతనికి అలసటో, దెబ్బో, దిగులో వుండి వుంటుంది. విశ్రాంతి ఇవ్వాలి, లేదా సాధన చేయించాలి. మరొకణ్ణి ఆడించటం కూడా తప్పు కాదు. బంతి అందుతూ, సూటిగా కొడుతూ, గోలీ ఆపటం వల్ల మాత్రమే గోలు రావటం లేదా? ఐతే చింతపిక్కల డబ్బాను తలుచుకోండి, మరి కొన్ని ఆటలు ఓపిక పట్టండి.

ఇట్లా నాలుగైదు ఆటలు రాసి, ఆ పుస్తకం చెట్టుకింద పెట్టి మాట్లాడుకోండి. అప్పుడు మొదటివాడి మాట సరైనదో, రెండోవాడిదో, మూడోవాడిదో తేలటానికి ఆధారం వుంటుంది. తగువు మానమని నేను చెప్పను. ఆట మీద ప్రేమ వున్నవాడే తగువాడతాడు. కాని ఆటను విమర్శించండి, మనిషిని ఎగతాళి చెయ్యకండి. ఆ సెంటర్ ఫార్వర్డు మీ పక్క బెంచీలో కూర్చునేవాడే. గోలు తప్పిన సంగతి మీకన్నా ముందు అతనికే తెలుసు.

తల్లిదండ్రులకు ఒక మాట. మూడు పరీక్షల్లో వరసగా లెక్కలు తప్పిన పిల్లవాడు మీ ఇంట్లో వుంటే, "నీకు లెక్కలు రావు" అనేముందు పై మూడు ప్రశ్నల్లాంటివే వేసుకోండి. పాఠం అతని దాకా అందిందా? అందినదాన్ని ఎంతవరకు చెయ్యగలుగుతున్నాడు? ఎవరూ చూడనప్పుడు ప్రయత్నిస్తున్నాడా? జవాబులు అతని లెక్కల పుస్తకంలోనే దొరుకుతాయి. ఒక సాయంత్రం పక్కన కూర్చుని పేజీలు తిరగెయ్యండి.