రోజుకొక్క ఫొటో, ఏడాది పొడుగునా



కొత్త సంవత్సరం వస్తుందంటే మనలో చాలామందిమి తీర్మానాలు చేసుకుంటాం. ఈ ఏడాది బైబిలు ఆసాంతం చదవాలని, కాఫీలో పంచదార మానేయాలని, తెల్లవారగట్ల నడవాలని. ఫిబ్రవరి నాటికి వాటిలో ఎన్ని మిగులుతాయో ఎవరికి వారికే తెలుసు. ఈ సంచికలో మేము ఇంకొక తీర్మానం మీ ముందు పెడుతున్నాము. ఇది ఆరోగ్య పత్రికలో రావలసిన సంగతేనా అని కొందరు అడగవచ్చు. చివరిదాకా చదివి చెప్పండి.

రోజుకు ఒక్క ఫొటో తీయండి. ఒక్కటే. అలా 365 రోజులు. జనవరి 1నే మొదలుపెట్టాలని ఏమీ లేదు.

ఫోను ఇప్పుడు దాదాపు ప్రతి ఇంట్లో ఉంది, ఫోనులో కెమెరా ఉంది. కానీ మనం ఫొటోలు తీసేది ఎప్పుడు? పెళ్లికి, బాప్తిస్మానికి, క్రిస్మస్‌కి, కోత పండుగకి. ఆ రోజు వందల కొద్దీ తీస్తాం, ఆ తర్వాత తిరిగి చూడం. మామూలు మంగళవారం నాడు ఎవరూ ఏమీ తీయరు. రీలు కెమెరాల రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఒక రీలులో 36 ఫొటోలు. పెళ్లిలో మొదలైన రీలు క్రిస్మస్ దాకా నడిచేది, అది అయ్యాకే స్టూడియోకి ఇచ్చి కడిగించేవాళ్లం. ఒక్క ఫొటో పోతే డబ్బు పోయినట్టే కాబట్టి, నొక్కే ముందు కళ్లు చిట్లించి రెండుసార్లు చూసేవాళ్లం. ఆ చూపు ఇప్పుడు పోయింది. రోజుకు ఒక్కటే అనే నియమం పెట్టుకుంటే అది తిరిగి వస్తుందని మా అభిప్రాయం.

ఈ పని చేసి చూపించినవారిలో జేమీ లివింగ్‌స్టన్ అనే అమెరికా దేశస్థుడి సంగతి మన పాఠకులకు తప్పక చెప్పాలి. 1979 మార్చి 31న, కాలేజీలో చదువుతున్న రోజుల్లో, ఆయన పోలరాయిడ్ ఎస్‌ఎక్స్-70 కెమెరాతో ఒక ఫొటో తీశారు. అది నొక్కగానే కాగితం బయటికి వచ్చి, మన కళ్ల ముందే బొమ్మ తేలే కెమెరా. కొన్ని వారాలు గడిచాక, తాను రోజుకు ఇంచుమించు ఒక ఫొటో తీస్తున్నానని ఆయనే గమనించి, దాన్ని ఒక నియమంగా చేసుకున్నారు. ఒక ఏడాదితో ఆపలేదు. పద్దెనిమిదేళ్లు తీశారు. అన్నీ కలిపి ఆరు వేలకు పైగా ఫొటోలు. స్నేహితులు, తిన్న భోజనం, వీధులు, ఊరేగింపులు, ఏమీ జరగని రోజులు.

1997లో ఆయనకు మెదడులో క్యాన్సర్ అని తేలింది. ఫొటోలు ఆగలేదు. ఆస్పత్రి వచ్చింది, జబ్బు వచ్చింది, పెళ్లి కూడా వచ్చింది, ఆ అక్టోబరులోనే. 1997 అక్టోబరు 25న, తన 41వ పుట్టినరోజున, ఆయన కన్నుమూశారు. వరుస కూడా ఆ రోజుతోనే ముగిసింది. 2007లో ఆయన స్నేహితులు ఆ ఫొటోలన్నిటినీ తేదీల వరుసలో ఆయన చదివిన బార్డ్ కాలేజీలోనే ప్రదర్శనకు పెట్టారు.

మేము ఇందులో చూసేది చావు ఒక్కటే కాదు. చివరి నెలల ఫొటోలకు ముందు పద్దెనిమిదేళ్ల ఫొటోలున్నాయి. వరుస మొత్తం చూసినవారికి ఆయన ఒక క్యాన్సర్ రోగిగా గుర్తుండరు. జబ్బు ఆ బతుకులో ఒక చివరి భాగం, అంతే. ఆస్పత్రిలో రోజంతా కేస్ షీట్లు చూసే మాలాంటి వారికి ఇది గట్టిగా తగిలే మాట. కేస్ షీటు మనిషి కథను జబ్బు దగ్గర మొదలుపెడుతుంది.

ఇక ఫొటోగ్రఫీ నేర్చుకోవడం మాటకు వస్తే, పుస్తకం అక్కరలేదు, ఖరీదైన కెమెరా అక్కరలేదు. మొదట చొక్కా కొంగుతోనో చీర చెంగుతోనో ఫోను వెనక ఉన్న అద్దం తుడవండి. సగం మసక ఫొటోలకు కారణం వేలి జిడ్డే. ఆ తర్వాత గురువు వెలుతురే. మొదటి నెలలో మీరు తీసే ఫొటోల్లో చాలావరకు మొహాలు నల్లగా వస్తాయి. ఎందుకంటే నాయనమ్మ గడపలో కూర్చుని ఉంటారు, వెనక ఎండ, మీరు గదిలో నుంచి తీస్తారు. కెమెరా ఆ ఎండను చూసి మొత్తం చీకటి చేస్తుంది. మీరే వీధి వైపు వెళ్లి, ఆమె మొహం మీద వెలుగు పడేటట్టు నిలబడి తీస్తే ముడతలు, నవ్వు, ముక్కుపుడక అన్నీ కనిపిస్తాయి. ఈ ఒక్క పాఠం పది రోజులు దెబ్బతింటేనే ఒంటబడుతుంది. ఎవరు చెప్పినా పడదు.

కెమెరాకు ఇంకొక అలవాటుంది. దేన్ని చూపించినా మధ్యస్థపు వెలుగుకు లాగాలని చూస్తుంది. ఆదివారం తెల్ల చీర తరచు బూడిద రంగుకు దిగడం, నల్లమేక తెల్లబోవడం అందుకే. ఫోను తెర మీద ఆ చోట వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరిపితే సరిపోతుంది. రాత్రి ట్యూబులైటు కింద ఫొటోలో అడ్డచారలు వస్తే ఫోను పాడైందని కంగారుపడకండి. మన ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది, పాతరకం ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మన కంటికి అందని ఆ మిణుకును వేగంగా తీసే కెమెరా పట్టేస్తుంది.

ఏడాది అనే గడువు ఎందుకంటే, వెలుతురు ఏడాదికి గాని ఒక చుట్టు తిరగదు. జనవరి పొద్దుటి ఎండ వాలుగా వచ్చి గోడ మీద మునగాకు నీడను కూడా అందంగా వేస్తుంది. మే నెల మధ్యాహ్నం అదే గోడ కళ్లు పొడుస్తుంది, మనుషుల కళ్ల కింద నల్లటి గుంతలు పడతాయి. ఆ పూట తీయకపోవడమే మంచిది. జులై మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా తెల్లటి దుప్పటిలా పరుచుకుని వెలుగును నాలుగు వైపులా సమంగా పంచుతుంది. మొహాలు తీయడానికి అంతకంటే మంచి వెలుతురు లేదు. వానాకాలం ఫొటోలకు పనికిరాదని అనుకునేవారే ఎక్కువ. పెరట్లో ఒకే మునగచెట్టును ఏడాదంతా అప్పుడప్పుడు తీసినా చాలు. పూత, కాయ, వానల్లో కాండం నిండా గొంగళిపురుగులు, కొట్టేసిన కొమ్మ, మళ్లీ చిగురు. పొలంలోని పువ్వులను గమనించమని ప్రభువు చెప్పినప్పుడు ఇంత తీరిగ్గా గమనించమనే చెప్పి ఉంటాడని మాకు అనిపిస్తుంది. పాస్టరుగారు ఏమంటారో మరి!

రెండు మూడు నెలలకు విసుగు పుడుతుంది. ఇంట్లో తీయడానికి ఏమీ మిగలలేదనిపిస్తుంది. నిజమైన చదువు అక్కడ మొదలవుతుంది. పూలు, సూర్యాస్తమయాలు, పసిపిల్లలు అయిపోయాక, ఆరేసిన బట్టలు, గిన్నె అడుగున మిగిలిన మజ్జిగ, బస్సు కిటికీ ఊచలు కనిపించడం మొదలుపెడతాయి. ఒక రోజు తప్పితే తప్పిందనే రాసుకోండి. మరునాడు రెండు తీసి లెక్క సరిచేయవద్దు.

ఇది ఆరోగ్యానికి ఏం చేస్తుంది? ఇంగ్లండులోని లాంకాస్టర్, షెఫీల్డ్ విశ్వవిద్యాలయాలకు చెందిన లిజ్ బ్రూస్టర్, ఆండ్రూ కాక్స్ అనే పరిశోధకులు రోజుకొక ఫొటో తీసే కొద్దిమందిని పరిశీలించి 2018లో తమ పరిశోధన వెలువరించారు. తమను తాము పట్టించుకోవడం, నలుగురితో మాట కలపడం, వెనక్కి తిరిగి చూసుకోగలగడం, ఈ మూడు విధాలుగా అది మేలు చేస్తోందని వారు రాశారు. కొద్దిమందితో చేసిన పరిశీలన కాబట్టి దీన్ని మందు అనలేం. నిద్రపట్టకపోయినా, బతుకు మీద ఆశ పోయినా డాక్టరు దగ్గరికే రావాలి, ఫోను దగ్గరికి కాదు.

అయినా, దీర్ఘకాలం మందులు వాడేవారికి మేము దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాము. క్షయకు సాధారణంగా ఆరు నెలలు మాత్రలు మింగాలి. డయాలసిస్ వారికి వారానికి రెండు మూడు సార్లు అదే కుర్చీ, అదే యంత్రం. ఆ రోజులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, "ఎన్నాళ్ల నుంచో ఇలాగే ఉన్నాను" అనిపిస్తుంది. రోజుకొక ఫొటో ఉంటే ఏ రోజు ఆ రోజుగా నిలబడుతుంది. పక్కన ఉండే సహాయకులకు ఇది ఇంకా అవసరమేమో. రోగి గురించి అందరూ అడుగుతారు, టిఫిన్ క్యారియర్ పట్టుకుని బస్సులు మారే కోడలు ఎలా ఉందని ఎవరూ అడగరు.

షుగరు ఉన్నవారికి ఇంకొక మాట. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కొరికినా తెలియదు. అందుకే రోజూ అరికాళ్లు చూసుకోమని చెబుతాము. వంగలేని పెద్దవారు ఎలా చూసుకుంటారు? అద్దం నేలమీద పెట్టి చూడవచ్చు, లేదా మనవడి చేత రోజూ ఒకే చోట, ఒకే వెలుతురులో రెండు అరికాళ్లూ ఫొటో తీయించుకోవచ్చు. వేళ్ల సందులు మరువద్దు. ఇది మనం చెప్పుకున్న రోజువారీ ఫొటో లెక్కలోకి రాదు, వేరుగా పెట్టుకోండి. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంటే, ఎర్రదనం గాని, బొబ్బ గాని, చీలిక గాని కనిపిస్తే, రేపు ఎలా ఉంటుందో ఫొటో తీసి చూద్దామని ఆగకండి. ఆ రోజే రండి. వచ్చేటప్పుడు పాత ఫొటోలు కూడా చూపిస్తే ఎప్పుడు మొదలైందో డాక్టరుకు తెలుస్తుంది.

ఇప్పుడు కొంచెం కటువుగా ఒక మాట చెప్పాలి. రోజుకొక ఫొటో అన్నాము గదా అని వార్డులో మంచాల మీద ఉన్నవారిని తీయకండి. ప్రార్థన కోసమని ముక్కులో గొట్టం ఉన్న మనిషి ఫొటో వాట్సాప్‌లో నాలుగు సంఘాలకు పంపడం మంచి మనసుతోనే జరుగుతుంది, కాదనము. కానీ ఆ మనిషిని ఎవరు అడిగారు? స్పృహలో లేని మనిషి సరే అనలేడు. నెలకు ఆయన కోలుకుని ఇంటికి వెళతాడు, ఫొటో మాత్రం ఎవరెవరి ఫోనుల్లోనో ఆ మంచం మీదే ఉంటుంది. వెనక పక్క మంచం వారి మొహం పడుతుంది, ఒక్కోసారి కేస్ షీటు మీది పేరు, జబ్బు కూడా పడతాయి. మన ఊళ్లలో ఒక ఆడపిల్లకు క్షయ మందులు వాడారన్న మాట పొక్కితే పెళ్లి సంబంధాలు ఎలా వెనక్కి పోతాయో మీకు మేము చెప్పనక్కరలేదు. పేరు చెప్పి ప్రార్థించడానికి ఫొటో అవసరం లేదు. ఫొటో తీయాలనిపిస్తే ఆ మనిషినే అడగండి. చెప్పలేని స్థితిలో ఉంటే తీయవద్దు. "మా నాన్నే గదా" అన్నా సరే.

లివింగ్‌స్టన్ తన జబ్బును ఫొటోల్లో ఉంచుకున్నాడంటే ఆ వరుస ఆయనది, నిర్ణయం ఆయనది. కీమో మందులతో జుట్టు ఊడిన తల్లి తన ఫొటో తానే తీసుకుంటే ఆమె ఇష్టం, ఎవరికీ చూపకపోయినా ఆమె ఇష్టమే. పక్కవారు తీయగలిగినవి ఎన్నో ఉన్నాయి. మంచం కింద జత చెప్పులు. ఫ్లాస్కు మీద పడిన ఎండ. ఒప్పుకుంటే, చేతిలో చేయి.

ఖర్చు సంగతి చూస్తే, ఒక్కో ఫొటో 4 ఎంబి అనుకున్నా ఏడాదికి ఒకటిన్నర జీబీ దాటదు. ఫోను పోతే అన్నీ పోతాయి కాబట్టి నెలకొకసారి ఇంకొక చోట దాచండి, నెలకు ఒక్కటి చొప్పున పన్నెండు మాత్రం స్టూడియోలో కాగితం మీద వేయించండి. స్త్రీల మైత్రి వారు, సండే స్కూలు పిల్లలు కలిసి మొదలుపెడితే ఒకరినొకరు మానకుండా చూసుకోవచ్చు.

ఆస్పత్రికి వచ్చిన రోజే మొదలుపెట్టాలనుకునేవారికి చివరిగా ఒక సమాచారం. మన ఓ.పి. వరండా తూర్పు ముఖంగా ఉంది. ఉదయం ఎనిమిది లోపు ఎండ వాలుగా వచ్చి మూడో స్తంభం దాకా నేలమీద పరుచుకుంటుంది, తొమ్మిదింటికి వెళ్లిపోతుంది. టోకెను కోసం ఎలాగూ ఆ వేళకే వస్తారు గదా.