హాస్టల్లో ఉన్నంత మాత్రాన ఓటు పోదు

ఓటర్ల జాబితా సవరణ మొదలైతే చాలు, పల్నాడులోని నాదెండ్లలోనైనా పక్కనున్న సాతులూరులోనైనా ఒక మాట పెద్దరికంగా వినిపిస్తుంది: ‘గుంటూరులోనో హైదరాబాద్‌లోనో చదివేవాడికి ఊళ్లో ఓటేంటి? తీసేయించండి. అయినా చదువుకునే పిల్లలకు రాజకీయాలెందుకు?’

ఈ మాట తప్పు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ చూడండి. తాత్కాలికంగా దూరంగా ఉన్నంత మాత్రాన ఎవరూ సొంతూరి సాధారణ నివాసి కాకుండా పోరు. సెలవులకు ఇంటికొచ్చే విద్యార్థికి ఇది అచ్చంగా వర్తిస్తుంది. మన పెద్దలకు రుచించని సంగతి కూడా అక్కడే ఉంది: ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి నివాసి అయిపోరు. కాపురం ఎప్పుడో నగరానికి మార్చి, ఎన్నికల నాడు మాత్రం కారులో దిగేవారి ఓటు మీద రాని అనుమానం ఇంజనీరింగ్ చదివే పిల్ల మీద ఎందుకొస్తోంది?

కాలేజీ ధ్రువీకరణతో హాస్టల్ చిరునామాలోనూ నమోదు కావచ్చు. రెండుచోట్ల మాత్రం కుదరదు. ఏ చోటన్నది విద్యార్థి ఇష్టం, రచ్చబండ ఇష్టం కాదు.

పేరు తీసేయించడం అంత తేలికా? ఊళ్లో ఉండటం లేదన్న కారణంతో తొలగించాలంటే ముందు ఆ ఓటరు చెప్పేది వినాలి. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో పేర్లు తొలగించమనే ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి, తప్పుడు దరఖాస్తులపై పోలీసు కేసులూ పడ్డాయి. అబద్ధపు ప్రకటనకు అదే చట్టం 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు.

‘జనవరి రానీలే’ అనే సలహాకూ కాలం చెల్లింది. 2022 ఆగస్టు నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే. 17 నిండినవారు నమోదు కోసం ముందుగానే ఫారం 6 ఇవ్వొచ్చు.

ఇక రాజకీయాలెందుకన్న ప్రశ్న. 61వ సవరణతో 1989 మార్చిలో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. విచిత్రమేమంటే దాదాపు ఆ రోజుల్లోనే ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. గొడవలే కారణమన్నారు. 2006లో లింగ్డో కమిటీ షరతులతో జరపమని చెప్పినా మన విశ్వవిద్యాలయాల్లో అవి మళ్లీ గాడిన పడలేదు. ఎమ్మెల్యేను ఎన్నుకోగల కుర్రాడు తన కాలేజీ సంఘాన్ని ఎన్నుకోలేడు. ఆ పైన యువతకు అవగాహన లేదని నిష్ఠూరం!

గొడవల్లో పిల్లలు చెడిపోతారన్న భయం పల్నాడులో ఉత్తది కాదు, ఒప్పుకుంటాను. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటులో ఈవీఎం పగిలింది. ఆ కేసులో నిందితుడు ఏ విద్యార్థీ కాదు, అప్పటి ఎమ్మెల్యే. ఆ ఎన్నికకు హైదరాబాద్ నుంచి బస్సుల్లో కిక్కిరిసి వచ్చి ఓటేసినవారిలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. రాష్ట్రంలో పోలింగ్ 80 శాతం దాటింది.

బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) తలుపు తట్టినప్పుడు ‘మావాడు ఇక్కడ ఉండటం లేదండీ’ అనకండి. ‘చదువుకెళ్లాడు, వాడి ఇల్లు ఇదే’ అని రాయించండి.